దేవోక్తి, కట్టు: సామెతలు 29:18 నాయకుణ్ణి ఏమి అడుగుతుంది?

కోనసీమలోని ఒక గ్రామ సంఘానికి రెండేళ్ళ క్రితం కాపరిగా వచ్చిన యువ సహోదరుడు అడిగిన ప్రశ్న ఇది. "దర్శనం లేని చోట జనులు నశిస్తారు" అనే వాక్యాన్ని ఆధారం చేసుకుని ఆయన మూడంతస్తుల మందిరం బొమ్మను ఫ్లెక్సీ మీద వేయించి సంఘం ముందు ఉంచారు. పెద్దలు తల ఊపారు గాని అడుగు ముందుకు పడలేదు. యవనస్థులు ఆరాధన సగం అయ్యాక వస్తున్నారు. కానుకల లెక్క అడిగితే కోశాధికారి చిన్నబుచ్చుకుంటున్నారు. ఇంట్లో అమ్మగారు, అంటే ఆయన భార్య, "మీరు ఊరందరికీ దొరుకుతారు, మాకు తప్ప" అంటున్నారు. నాయకుడు ముందుగా దర్శనం ఇవ్వాలా, క్రమశిక్షణ నేర్పాలా అన్నది ఆయన సందేహం.

ప్రియ సహోదరా, వందనాలు. నరసాపురం వైపు కొన్నేళ్ళు, గోదావరి దాటి రాజోలు వైపు కొన్నేళ్ళు, మొత్తం ముప్పై ఎనిమిదేళ్ళు సంఘ పరిచర్యలో ఉండి ఇప్పుడు విశ్రాంతిలో ఉన్నాను. మీరు ఆధారం చేసుకున్న వాక్యాన్ని ముందుగా మన బైబిలులోనే తెరిచి చూడమని కోరుతున్నాను. అందులో "నశిస్తారు" అనే మాటే లేదు. "దేవోక్తి లేనియెడల జనులు కట్టులేక తిరుగుదురు, ధర్మశాస్త్రము ననుసరించువాడు ధన్యుడగును" అని ఉంది. నశించడం అన్న మాట 1611 నాటి ఇంగ్లీషు అనువాదం నుంచి, సభల్లో ప్రసంగాల ద్వారా, గోడపత్రికల ద్వారా మన చెవులకు అలవాటయింది. నేనూ పదేళ్ళ పాటు అలాగే ప్రసంగించాను కాబట్టి మిమ్మల్ని తప్పుపట్టడం లేదు.

ఈ చోట మన అనువాదకులు హెబ్రీ మూలానికి చాలా దగ్గరగా నిలిచారు. వారు "దేవోక్తి" అని రాసిన చోట మూలంలో ఉన్న పదం హాజోన్. యెషయా గ్రంథం మొదటి వచనంలో ప్రవక్తకు కలిగిన దర్శనానికి అదే పదం, హబక్కూకు పలక మీద స్పష్టంగా రాయవలసి వచ్చిన దర్శనానికీ అదే పదం. అంటే దేవుడు ప్రవక్తకు తెలియజేసిన సంగతి. మనిషి తన సంస్థ భవిష్యత్తు గురించి కట్టుకున్న అంచనా కాదు. మనుషుల సొంత హృదయంలో పుట్టిన దర్శనం గురించి కూడా యిర్మీయా 23:16 ఇదే పదంతో మాట్లాడుతుంది, కాని అక్కడ అది ప్రజలను భ్రమపెడుతున్న ప్రవక్తల మీద మోపిన నేరం. ఇక "కట్టులేక తిరుగుదురు" అన్న చోట ఉన్న క్రియ పారా. ముడి విప్పి వదిలేయడం, జుట్టు విరబోసుకోవడం దాని అర్థాలు. లేవీయకాండము 13:45లో కుష్ఠరోగి తల విరబోసుకోవాలని చెప్పిన చోట వాడింది ఈ క్రియనే. వచనం రెండో సగంలో ధర్మశాస్త్రాన్ని అనుసరించేవాడి మాట ఉంది. కాబట్టి పై సగంలోని దేవోక్తి, కింది సగంలోని ధర్మశాస్త్రం ఒకదానికొకటి జతగా నిలుస్తాయి. దర్శనం ముందా, క్రమశిక్షణ ముందా అని మీరు రెండుగా విడదీసి అడిగారు గాని, ఈ వచనంలో అవి విడివడి లేవు. దేవుని మాట వినబడే చోట జనానికి కట్టు ఉంటుంది, ఆ మాట ఆగిపోయిన చోట ముడి విప్పుకుంటుంది.

ఆ విప్పుకోవడం ఎలా ఉంటుందో చూడాలంటే నిర్గమకాండము 32వ అధ్యాయం చదవండి. మోషే కొండమీద నలభై దినాలు దేవుని మాట వింటూ ఉన్నాడు. కింద జనం ఆగలేకపోయారు. 25వ వచనంలో ప్రజలు విచ్చలవిడిగా తిరగడం మోషే చూశాడని, అహరోనే వారిని అలా విడిచిపెట్టాడని రాసి ఉంది. ఆ రెండు చోట్లా మూలంలో ఉన్నది మన సామెతలోని క్రియే. నన్ను ఇప్పటికీ భయపెట్టే సంగతి ఏమిటంటే, అహరోను దగ్గర ప్రణాళిక లేక కాదు. అతడు బంగారు పోగులు తెమ్మన్నాడు, జనం అడ్డు చెప్పకుండా తెచ్చారు. పోతపోసి దూడను చేశాడు, బలిపీఠం కట్టించాడు, "రేపు యెహోవాకు పండుగ" అని చాటించాడు. మర్నాడు జనం పెందలాడే లేచి వచ్చారు. కానుకలు వచ్చాయి, నిర్మాణం జరిగింది, హాజరు నిండుగా ఉంది, పండుగ తేదీ ముందే ప్రకటించబడింది, ప్రభువు పేరు కూడా పలకబడింది. మన వార్షిక నివేదికల్లో రాసుకునేవన్నీ అక్కడ ఉన్నాయి. లేనిది దేవోక్తి, అది లేనందువల్ల కట్టు. కాబట్టి జనం కదలడం లేదన్న మీ బాధను నేను వేరుగా చూస్తాను. జనం తొందరగా కదలడం నాయకుడు దేవుని మాట విన్నాడనడానికి రుజువు కాదు, వారు ఆగి ఉండడం అవిశ్వాసానికి రుజువూ కాదు. మీ పెద్దలు తల ఊపి కూర్చున్నారంటే, మీరు విన్నది వారికి ఇంకా వినబడలేదేమో ఆలోచించండి.

క్రమశిక్షణ అనే మాటలోనూ మనకు ఒక పొరపాటు ఉంది. ఆ మాట వినగానే నాయకుడు ఇతరులకు పెట్టే నియమాలు గుర్తుకు వస్తాయి. సామెతల గ్రంథంలో ఉన్న మూసార్ అనే హెబ్రీ పదాన్ని మన బైబిలు ఒక చోట ఉపదేశమని, మరొక చోట శిక్ష అని అనువదించింది. తెలుగులో శిక్షకూ శిక్షణకూ ఉన్న చుట్టరికం అందరికీ తెలిసిందే. ఆ పదం ఆ గ్రంథంలో ఎక్కువగా స్వీకరించేవాడి వైపు నుంచి వస్తుంది: వినుము, విడువకుము, తృణీకరింపకుము అని. 12:1 మరీ నిర్మొహమాటంగా గద్దింపును అసహ్యించుకునేవాడు పశుప్రాయుడని అంటుంది. కనుక నాయకుణ్ణి అడగవలసిన మొదటి ప్రశ్న, నువ్వు ఎవరిని క్రమంలో పెడుతున్నావని కాదు, నిన్ను గద్దించగలవారు ఎవరున్నారని. మీ సంఘంలో మీ ముఖం మీదే "అయ్యగారూ, ఇది బాగోలేదు" అనగలిగినవారు ఒకరైనా ఉన్నారా? మన ప్రాంతంలో అయ్యగారికి ఇచ్చే గౌరవం మంచిదే గాని, అది ఆయన చుట్టూ నిశ్శబ్దాన్ని కూడా పేరుస్తుంది. నా విషయంలో ఆ మాట అనగలిగినది సండే స్కూలు నడిపిన ఒక పెద్దావిడ. ఆమె నోటికి నేను భయపడేవాణ్ణి. ఆమె పోయిన తర్వాతి రెండేళ్ళలోనే నేను చేసిన పెద్ద తప్పులన్నీ జరిగాయి.

ద్వితీయోపదేశకాండము 17వ అధ్యాయంలో రాజుకు పెట్టిన నియమాలను నాయకులు ఎందుకు ఎక్కువగా చదవరో నాకు అర్థం కాదు. గుర్రాలు ఎక్కువగా సంపాదించుకోకూడదు, భార్యలను ఎక్కువగా చేసుకోకూడదు, వెండి బంగారాలను విస్తారంగా కూడబెట్టుకోకూడదు. సింహాసనం మీద కూర్చున్న తర్వాత చేయవలసిన పని మాత్రం ఒక్కటే చెప్పారు: ధర్మశాస్త్రానికి ఒక ప్రతి రాసుకుని, బ్రతికిన దినాలన్నీ దాన్ని చదవాలి, తన సహోదరుల మీద గర్వించకుండా ఉండడానికి. ఇక్కడ దేవోక్తీ కట్టూ ఒకే పుస్తకంగా రాజు చేతిలోకి వచ్చాయి. ఆదివారం ప్రసంగం కోసం చదివే చదువు వేరు, నన్ను నేను దిద్దుకోవడానికి చదివేది వేరు. మొదటిదానిలో కళ్ళు సంఘం మీద ఉంటాయి. ఈ వచనం ఫలానా ఇంటివారికి బాగా తగులుతుందని లోలోపల అనుకుంటూనే ఉంటాము.

డెల్టాలో పుట్టినవారికి "కట్టు" అన్న మాట వినగానే ఏటిగట్టు గుర్తుకు రాకుండా ఉండదు. 1986 ఆగస్టు వరద చూసినవారు మీ ఊళ్ళో ఇంకా ఉంటారు, వారిని అడగండి. గట్టుకు గండి పడడం నీరు పైనుంచి పొర్లినప్పుడే జరగదు. ఎలుకలో పీతలో చేసిన బొరియలోంచి ముందు సన్నగా ఊట వస్తుంది, దాన్ని పట్టించుకోకపోతే మట్టి కరిగి గట్టే కూర్చుంటుంది. అందుకే వరద రోజుల్లో లాంతర్లు, టార్చిలైట్లు పట్టుకుని గట్టు వెంట రాత్రంతా నడుస్తూ, లోపలి వైపు వాలు మీద తడి ఎక్కడుందోనని వెతికేవారు. "ప్రాకారము లేక పాడైన పురము ఎంతో తన మనస్సును అణచుకొననివాడును అంతే" అని సామెతలు 25:28 చెప్పింది యెరూషలేము వంటి ఊరి గోడ గురించి. మన వైపు ఆ సంగతి గట్టు దగ్గర బాగా అర్థమవుతుంది. నా గట్టులో బొరియ నా కోపం.

రబీలో, మన మాటలో దాళ్వాలో, కాలువ నీరు వంతులవారీగా వదులుతారని మీకు తెలుసు. శివారు చేలకు నీరందేది చాలాసార్లు రాత్రి పొద్దుపోయాకే. ఒక ఆదివారం వాక్యం మధ్యలో ఒక రైతు బురద ఆరని కాళ్ళతో వచ్చి వెనక వరుసలో కూర్చున్నాడు. ప్రసంగ వేదిక మీదినుంచే నేను "దేవుని సన్నిధికి పొలం నుంచి నేరుగా వచ్చే అలవాటు కొందరికి పోలేదు" అన్నాను. కొందరు నవ్వారు. ఆ మనిషి రాత్రంతా బోదె దగ్గర కాపలా ఉండి, తెల్లవారాక తన వంతు నీరు అందిన తర్వాత, ఇంటికి వెళ్తే నిద్ర పట్టేస్తుందని తిన్నగా ఆరాధనకు వచ్చాడట. ఆ సంగతి నాకు చెప్పింది అతను కాదు, నా భార్య. తర్వాత అతని ఇంటికి వెళ్ళి క్షమాపణ అడిగాను. అతను మర్యాదగా "పర్లేదండి" అన్నాడు గాని, మా సంఘంలో మళ్ళీ నోరు తెరిచి సాక్ష్యం చెప్పలేదు. ఆతురపడి మాట్లాడేవాడికంటే మూర్ఖుడు సులువుగా గుణపడతాడని సామెతలు 29:20 అంటుంది. అది మీరెత్తిన వాక్యానికి రెండు వచనాల కిందే ఉంది. నేను అక్కడిదాకా చదివి ఉండవలసింది.

అందుచేత ఆలస్యంగా వచ్చే యవనస్థుల మీద నియమం పెట్టే ముందు వారు శనివారం రాత్రి ఎక్కడ ఉంటున్నారో తెలుసుకోండి. మన వైపు పిల్లల్లో చాలామంది రొయ్యల చెరువుల మీద పనిచేస్తున్నారు; రాత్రిపూట నీటికి గాలి అందించే ఏరియేటర్లు ఆగితే చెరువు పోతుంది కనుక నిద్ర మానుకుంటారు. కొందరు నిజంగానే సోమరితనం వల్ల రారు, వారికి చీమ దగ్గరకు వెళ్ళమన్న వాక్యం చెప్పవచ్చు. కాని ఎవరు ఏ కారణం వల్ల రావడం లేదో తెలియకుండా అందరికీ ఒకే గద్దింపు చెప్పడం కాపరితనం కాదు. "నీ పశువుల స్థితి జాగ్రత్తగా తెలిసికొనుము" అని సామెతలు 27:23లో ఉన్నది మందను లెక్కపెట్టమని మాత్రమే కాదు గదా.

యెరూషలేము గోడను తిరిగి కట్టించిన నెహెమ్యా సంగతి మీకు బాగా తెలిసే ఉంటుంది. మందిరం కట్టాలనుకునే ప్రతి కాపరీ ఆ గ్రంథం మీదే ప్రసంగం మొదలుపెడతాడు. సాధారణంగా 52 దినాల్లో గోడ పూర్తయిందన్న 6:15 దగ్గర ఆగుతాము. అంతకుముందు సంగతి చూడండి. యెరూషలేము దుస్థితి కిస్లేవు నెలలో వినబడింది, రాజు ముందు నోరు తెరిచింది నీసాను నెలలో. ఆ మధ్య నాలుగు నెలలు. యెరూషలేము చేరాక మూడు దినాలు ఊరుకున్నాడు. తర్వాత రాత్రివేళ కొద్దిమందితో బయలుదేరి, కూలిన గోడల వెంట తిరుగుతూ ఎక్కడ ఎంత పడిపోయిందో కళ్ళారా చూశాడు. దేవుడు తన హృదయంలో పుట్టించిన ఆలోచనను ఎవరితోనూ చెప్పలేదని తానే రాసుకున్నాడు. చెప్పే సమయం వచ్చినప్పుడు కూడా "నా దర్శనం" అనలేదు. మనకు కలిగిన శ్రమ, మనం కట్టుదము అన్నాడు. పైగా పని నడుస్తున్న మధ్యలో, అయిదవ అధ్యాయంలో, పేదలు పొలాలు తాకట్టు పెట్టి పిల్లలను దాస్యానికి అప్పగిస్తున్నామని మొరపెట్టినప్పుడు, గోడ పూర్తి కానివ్వండి తర్వాత చూద్దామని అనలేదు. సభ పెట్టాడు, తానూ తన వారూ ఇచ్చిన అప్పుల సంగతి కూడా ఒప్పుకుని వడ్డీ మాన్పించాడు. పన్నెండేళ్ళు అధికారికి రావలసిన భోజన భత్యం ముట్టలేదు. నాయకుడి కట్టు అంటే నాకు గుర్తుకు వచ్చేది గోడ కాదు, ఆయన తిననిది.

నా విషయం ఇందుకు సరిగ్గా వ్యతిరేకం. 1990ల మొదట్లో ఒక క్రిస్మస్ ఆరాధనలో, అంతకుముందు ఏ పెద్దతోనూ మాట్లాడకుండా, కొత్త మందిరం కడుతున్నామని ప్రకటించాను. ఆ ఉదయం ప్రార్థనలో చాలా బలంగా అనిపించింది. అది నాకు చాలనిపించింది. తలకింత అని చందా రాయించాను. మొదటి ఏడు పంట బాగా వచ్చి పద్నాలుగు స్తంభాలు లేచాయి. రెండో ఏడు తుపాను పంటను పడుకోబెట్టేసింది. రాసిన చందాలు ఇవ్వలేక కొందరు గుడికి రావడమే తగ్గించారు. ఆ స్తంభాలు, పైకి పొడుచుకు వచ్చిన ఇనుప ఊచలు తుప్పు పట్టి, తొమ్మిదేళ్ళు అలాగే నిలబడ్డాయి. బస్సు దిగిన ప్రతివారికీ అవే మొదట కనబడేవి. చివరికి నా తర్వాత వచ్చిన కాపరి పెద్దలతో కూర్చుని, ఆరు స్తంభాలు వదిలేసి మిగతావాటి మీద చిన్న మందిరం పూర్తి చేయించారు. ప్రతిష్ఠ రోజున నన్ను పిలిచారు, వెళ్ళాను.

నాకు కలిగినది దేవుని ప్రేరేపణ కాదని ఇప్పటికీ అనను. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో మాసిదోనియ మనిషి రాత్రివేళ కనబడింది పౌలు ఒక్కడికే. కాని తర్వాతి వచనం చూడండి: దేవుడు మమ్మల్ని పిలిచాడని నిశ్చయించుకుని మేము యత్నం చేశాము అని లూకా రాస్తాడు. కన్నవాడు ఒకడు, నిశ్చయించుకున్నది అందరూ. ఆలోచన చెప్పేవారు లేని చోట ఉద్దేశాలు వ్యర్థమవుతాయన్న సామెతలు 15:22 అక్కడ ఆచరణలోకి వచ్చింది. నేను ఎగరవేసిన మెట్టు అదే.

లెక్కల విషయంలో మీ కోశాధికారిని నేను అనుమానించను. నేరుగా అడిగితే చిన్నబుచ్చుకోని మనిషి మన ఊళ్ళలో అరుదు. యెరూషలేము పరిశుద్ధుల కోసం పోగైన సొమ్మును మోసుకెళ్ళేటప్పుడు పౌలు, ఎవరూ తన మీద తప్పు మోపకుండా, సంఘాలు ఏర్పరచిన సహోదరులను తోడు తీసుకున్నాడు. ప్రభువు దృష్టిలోనే కాక మనుషుల దృష్టిలో కూడా యోగ్యమైనది చూసుకుంటున్నామని 2 కొరింథీయులు 8:21లో రాశాడు. తనవైపు నుంచే మొదలుపెట్టాడు. మీరూ అలాగే చేయవచ్చు. ఇళ్ళల్లో ప్రార్థనకు వెళ్ళినప్పుడు మన చేతిలో పెట్టే కవర్లు ఉంటాయి గదా, అవి ఏ లెక్కలోకీ రావు. నేను ఆ కవర్ల సొమ్మును ఒక చిన్న పుస్తకంలో రాసి, నెలాఖరున పెద్దల ముందు చదవడం మొదలుపెట్టాను. మొదటి నెల అందరూ ఇబ్బందిగా కదిలారు. మూడో నెల కోశాధికారిగారు తన పుస్తకం తానే తెచ్చి బల్లమీద పెట్టారు. కానుకలు ఆరాధన అయిన వెంటనే ఇద్దరు కలిసి లెక్కించి, మొత్తం నల్లబల్లమీద సుద్దతో రాయడం ఆ తర్వాత ఎవరూ చెప్పకుండానే అలవాటయింది.

అమ్మగారు అన్న మాటను మీరు ప్రశ్న చివర, దాదాపు క్షమాపణలా రాశారు. నేనైతే దాన్ని మొదట పెడతాను. 1 సమూయేలు 3:1లో ఆ దినాల్లో యెహోవా వాక్కు ప్రత్యక్షమవడం అరుదని, దర్శనం తరచుగా లేదని ఉంది. అక్కడ ఉన్నదీ హాజోన్ అనే పదమే. అదే అధ్యాయం 13వ వచనంలో, కుమారులు తమ మీదికి శాపం తెచ్చుకుంటున్నారని ఎరిగి కూడా యాజకుడైన ఏలీ వారిని అడ్డగించలేదని ఉంది. దర్శనం అరుదైన కాలం, ఇంట్లో కట్టు తెగిన యాజకుడు, రెండూ ఒకే అధ్యాయంలో. ఏలీ అసలు మాట్లాడలేదని కాదు, ముసలితనంలో మందలించాడు. అప్పటికి ఆ పిల్లలు పనివాడి చేత మూడు ముళ్ళ కొంకితో బలి మాంసం లాగించుకునే అలవాటులో స్థిరపడిపోయారు. తన ఇంటిని ఏలలేనివాడు దేవుని సంఘాన్ని ఎలా పాలిస్తాడని పౌలు తిమోతిని అడిగినప్పుడు, ఇంట్లో అధికారం చలాయించమని ఆయన ఉద్దేశం కాదు. వారంలో ఒక పూట మీది కాదు, ఇంటివారిది అని పెద్దలతో చెప్పి ఖాయం చేసుకోండి. మొదట్లో మాటలు పడవలసి వస్తుంది.

మన జిల్లాల్లో ఏ ప్రసంగమూ కాటన్ దొర ప్రస్తావన లేకుండా ముగియదని నవ్వుతారు గాని, నేనూ ఒక్క మాట అంటాను. ధవళేశ్వరం ఆనకట్ట మీద ఆయన నివేదిక ఇచ్చింది 1844లో, పని మొదలైంది 1847లో, పూర్తయింది 1852లో. ఇప్పుడు అక్కడ ఉన్నది ఆ ఆనకట్ట కూడా కాదు, దాని స్థానంలో వచ్చిన బ్యారేజీ. కాని ఆనకట్ట ఒక్కటే చేను తడపదు. లాకుల దగ్గర తలుపులు ఎత్తి దించే లస్కరు, వేసవిలో కాలువ కట్టేసినప్పుడు పూడిక తీసే కూలీలు, గుర్రపుడెక్క లాగేసేవారు లేకపోతే శివారు చేనికి చుక్క రాదు. వారిలో ఎవరి విగ్రహమూ ఎక్కడా లేదు. మీ సంఘంలో ఆ పని చేస్తున్నది ఎవరో మీకు తెలిసి ఉండాలి. తెల్లవారకముందే గుడి ఊడ్చేవారు, జబ్బుపడినవారికి గంజి పంపేవారు, పిల్లలకు కంఠత వాక్యాలు నేర్పేవారు. పెద్దల సమావేశానికి ఈసారి వారిని కూడా పిలవండి.

ఇక ఫ్లెక్సీ సంగతి. దాన్ని తీసేయమని చెప్పను, దాని గురించి ఓ ఆరు నెలలు మాట్లాడకండి చాలు. ఆ ఆరు నెలలు పెద్దలతో కలిసి వారానికి ఒక రాత్రి నెహెమ్యా మొదటి అయిదు అధ్యాయాలు చదవండి, వ్యాఖ్యానం మీరు చేయకుండా వారిని మాట్లాడనివ్వండి. "ముందుగా పొలములో దాని సిద్ధపరచుము తరువాత ఇల్లు కట్టుకొనవచ్చును" అని సామెతలు 24:27లో ఉన్న మాట మన రైతులకు ఎవరూ వివరించనక్కరలేదు. దాళ్వా ధాన్యం డబ్బు చేతికి వచ్చాక కొలతల మాట ఎత్తితే వారే లెక్క చెబుతారు. మూడంతస్తులా, ఒక అంతస్తా అన్నది మాత్రం ఫ్లెక్సీ వేసినవాణ్ణి కాక, మీ చుట్టుపక్కల కట్టుబడి చేసిన ముసలి మేస్త్రీని పిలిచి అడగండి. మన ఒండ్రు నేలలో నాలుగడుగులు తవ్వితే నీరు ఊరుతుంది. పునాదికి ఎంత పోయాలో తెలియకుండా పైన ఎన్ని అంతస్తులో ఆయన కూడా చెప్పడు.